తెలుగు చదవడానికి ఈ-రీడర్ తెర: సైజు, రిజల్యూషన్, వెలుతురుపై తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, నరసాపురం ప్రాంతాల పాఠకులు ఈ-రీడర్ (ఈ-పుస్తకాలు చదువుకునే పరికరం) గురించి అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం తెర చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని అంగుళాల తెర తీసుకోవాలి, అక్షరం ఎంత స్పష్టంగా కనబడుతుంది, రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉంటుందా అన్నవే ఆ ప్రశ్నలు. దొరికే వివరణలు దాదాపు అన్నీ ఇంగ్లీషు పేజీని ముందు పెట్టుకుని రాసినవి. గుడి పైన, ఒత్తు కింద చేరి ఒకే అక్షరంలో రెండు మూడు అంతస్తులు ఏర్పడే మన లిపికి ఆ సలహాలు అన్ని చోట్లా సరిపోవు. అందుచేత ఇక్కడి జవాబులన్నీ తెలుగు పేజీని ప్రమాణంగా తీసుకుని రాశాను.

ఫోన్‌లో చదువుకుంటూనే ఉన్నాము కదా, ఈ-రీడర్ తెరలో ప్రత్యేకత ఏమిటి?

ఫోన్ తెర తనంతట తాను వెలుగుతుంది. ఈ-రీడర్ తెర వెలగదు. కాగితం లాగే, తన మీద పడిన వెలుతురును తిప్పి పంపుతుంది. దాని లోపల సుమారు వెంట్రుక మందంలో ఉండే గుళికలు లక్షల సంఖ్యలో పరచి ఉంటాయి. ఒక్కొక్క గుళికలో పారదర్శకమైన ద్రవమూ, ఆ ద్రవంలో తేలే తెల్లని, నల్లని రేణువులూ ఉంటాయి. ఈ రెండు రకాల రేణువులకూ పరస్పరం వ్యతిరేకమైన విద్యుదావేశాలు ఉండడం వల్ల, కింది నుంచి విద్యుత్తు అందినప్పుడు ఒక రకం పైకి తేలి, రెండో రకం అడుగుకు చేరుతుంది. ఒకసారి స్థిరపడిన రేణువులు మళ్ళీ విద్యుత్తు అందే వరకు కదలవు. పేజీ తిప్పినప్పుడు తప్ప తెరకు కరెంటు అవసరం లేకపోవడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధనలలో పుట్టింది. దానిని మార్కెట్లోకి తేవడానికి 1997లో ఈ-ఇంక్ సంస్థ ఏర్పడింది. 2004లో సోనీ లిబ్రీ, 2007లో అమెజాన్ కిండిల్ అనే రీడర్లు ఈ తెరలతోనే వచ్చాయి.

తేడా తెలియాలంటే ఎండలో చూడాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి మీద మధ్యాహ్నపు ఎండలో ఫోన్ తీస్తే, వెలుతురు చివరి దాకా పెంచినా తెరలో మన ముఖమూ ఆకాశమూ కనబడతాయి గాని అక్షరం అంత సులువుగా అందదు. అదే చోట ఈ-రీడర్ తెరిస్తే, నీడలో కంటే ఎండలోనే అక్షరం నిక్కచ్చిగా కనబడుతుంది. నీటి మీద నుంచి వచ్చే మెరుపు నేరుగా తెర మీద పడకుండా కాస్త వంచి పట్టుకుంటే చాలు, నరసాపురం ఒడ్డు చేరే వరకు నిరాటంకంగా చదువుకోవచ్చు.

పీపీఐ అంటే ఏమిటి? తెలుగుకు ఎంత ఉండాలి?

ఒక అంగుళం పొడవులో ఎన్ని చుక్కలు పడతాయో చెప్పే కొలత పీపీఐ. తెర మొత్తంలో ఉన్న చుక్కల సంఖ్య ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. అవి ఎంత స్థలంలో సర్దుకున్నాయో చూడాలి. ఉదాహరణకు 6 అంగుళాల తెరలో అడ్డంగా 1072, నిలువుగా 1448 చుక్కలు ఉంటే, ఐమూలగా సుమారు 1800 అవుతాయి. దానిని 6తో భాగిస్తే 300 పీపీఐ వస్తుంది. మొదటి కిండిల్ తెర కూడా 6 అంగుళాలదే, కాని చుక్కలు 600, 800 మాత్రమే కావడంతో 167 పీపీఐ దగ్గర ఆగింది. 2012లో వచ్చిన మొదటి కిండిల్ పేపర్‌వైట్‌లో 212, 2014లో వచ్చిన కిండిల్ వాయేజ్‌లో 300 ఉన్నాయి. తక్కువ ధరలో దొరికే మామూలు కిండిల్‌కు 300 అందింది 2022లోనే. అందువల్ల పాతది ఎవరైనా అమ్ముతామన్నప్పుడు పేరును బట్టి కాక, ఏ సంవత్సరపు మోడల్ అన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

ఇక తెలుగు సంగతి. అచ్చు పుస్తకంలో 11 పాయింట్ల అక్షరానికి పైనుంచి కిందికి దొరికే ఎత్తు అంగుళంలో ఆరోవంతు కంటే కొంచెం తక్కువ. 167 పీపీఐ తెర మీద ఆ ఎత్తులో 25 చుక్కలు పడతాయి. 300 పీపీఐ మీద 45కు పైగా పడతాయి. ఇంగ్లీషులో చిన్న అక్షరాలకు 25 చుక్కలు సరిపోతాయి. తెలుగులో అదే 25 చుక్కలలో పైన గుడో, గుడి దీర్ఘమో, మధ్యలో అసలు అక్షరము, కింద ఒత్తు ఇమడాలి. ‘స్వాతంత్ర్యం’ అన్న మాటను రెండు తెరల మీద పక్కపక్కన పెట్టి చూడండి. తక్కువ పీపీఐ తెర మీద రావత్తూ, యావత్తూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లని మచ్చగా కనబడతాయి. మాట మనకు ముందే తెలుసు కాబట్టి చదివేస్తాము, అంతే. తెలియని పేరో, పద్యంలోని అరుదైన పదమో వచ్చినప్పుడు ఆ సౌకర్యం ఉండదు. ‘థ’లోని చుక్క కనబడకపోతే అది ‘ధ’ అవుతుంది. ‘ష’లోని చిన్న గీత పోతే ‘ప’ అవుతుంది. గుడి చివరి మెలిక కరిగిపోతే దీర్ఘం హ్రస్వమవుతుంది. ఛందస్సు తెలిసిన పాఠకుడికి ఈ చివరిది ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. ఇంగ్లీషు మాత్రమే చదివేవారు 212 పీపీఐతో సర్దుకోవచ్చు గాని, తెలుగు చదివేవారు 300కు తగ్గకూడదు. బడ్జెట్ తక్కువైతే తెర సైజులో రాజీ పడవచ్చు, రిజల్యూషన్‌లో మాత్రం పడకూడదు.

మరి 300 కంటే ఎక్కువ ఉంటే ఇంకా మంచిదా?

అంత తేడా కనబడదు. ఆరోగ్యమైన కన్ను అడుగు దూరం నుంచి అంగుళానికి సుమారు 286 చుక్కల వరకే విడివిడిగా గుర్తించగలదని దృష్టి శాస్త్రపు లెక్క.

ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కకు విడిపోయి కనబడుతున్నాయి. ఇది తెర లోపమా?

కాదు, ఇది సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది. తెలుగు అక్షరాలను సరిగా కూర్చే ఏర్పాటు ఆ రీడర్‌లో లేకపోయినా, ఫైలులో తగిన ఫాంటు లేకపోయినా, ‘క్క’ రాయవలసిన చోట ‘క్’ పక్కన ‘క’ విడిగా వస్తుంది. లేదా ఖాళీ డబ్బాలు వస్తాయి. ఎంత పెద్ద తెర, ఎంత ఎక్కువ పీపీఐ ఉన్నా ఇది మారదు. ఈపబ్ (ఈ-పుస్తకాలకు వాడే ఒక ఫైలు రకం) ఫైలులోనే తెలుగు ఫాంటును పొదిగి పెడితే చాలా సందర్భాలలో సరిపోతుంది. కేఓరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వేసుకునే వీలున్న పరికరాలలో కూడా తెలుగు కూర్పు చక్కగా వస్తుంది.

6 అంగుళాలా, 7 అంగుళాలా, ఇంకా పెద్దదా?

మీరు ఏ రకం ఫైళ్ళు చదువుతారో చూసుకున్న తరువాతే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఈపబ్ వంటి ఫైళ్ళలో అక్షరం సైజు పెంచితే వరుసలు వాటంతట అవే సర్దుకుంటాయి. వీటికి 6 అంగుళాల తెర కూడా పనికివస్తుంది, చేతిలో తేలికగా ఉంటుంది, కాకినాడ వెళ్ళే బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో చదవడానికి అనువుగా ఉంటుంది.

అయితే తెలుగు మాటలు పొడవైనవి. విభక్తులు, సంధులు కలిసి ఒక్కొక్క మాట ‘మాట్లాడుకోవలసివచ్చినప్పుడు’ అన్నంత సాగుతుంది. 6 అంగుళాల తెర వెడల్పు 3.6 అంగుళాలే కాబట్టి, అక్షరం కాస్త పెద్దది చేసేసరికి వరుసకు మూడు నాలుగు మాటలే పడతాయి. రెండు అంచులూ సమానంగా ఉండేటట్టు సెట్టింగు పెట్టి ఉంటే ఆ మూడు మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడి, కన్ను వరుస వెంట సాగకుండా గెంతుతూ పోతుంది. ఎడమ అంచు మాత్రమే సమానంగా ఉండే సెట్టింగుకు మార్చుకుంటే ఈ ఇబ్బంది చాలా వరకు తగ్గుతుంది. వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లీషు పుస్తకానికి పెట్టుకునే దానికంటే ఒక మెట్టు ఎక్కువ ఉంచాలి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుళ్ళకు తగులుతున్నట్టు ఉంటాయి. నవలలు, కథలు ఎక్కువగా చదివేవారికి 7 అంగుళాల తెర అన్ని విధాలా సమతూకంగా ఉంటుంది.

పాత తెలుగు పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు చదవడానికి ఏ సైజు కావాలి?

అచ్చులో దొరకని పుస్తకాల కోసం రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళిన పాఠకులు చాలామంది ఉన్నారు. ఇప్పుడు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా దొరుకుతున్నాయి. మన భాషలో ఈ-రీడర్ కొనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనబడదు. కాని ఈ ఫైళ్ళు పేజీల ఫోటోలు. అక్షరం పెంచితే వరుసలు సర్దుకోవు. అందుచేత ఇక్కడ తెర కొలతే అన్నిటికంటే ముఖ్యం.

లెక్క వేసి చూద్దాము. డెమ్మీ సైజు పుస్తకం పేజీ సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. 6 అంగుళాల తెర ఎత్తు 4.8 అంగుళాలు. మొత్తం పేజీని అందులో ఇమిడిస్తే అక్షరం అసలు సైజులో 56 శాతానికి, అంటే కొంచెం ఎక్కువగా సగానికి, కుంచించుకుపోతుంది. ఎవరూ అలా పుస్తకం పూర్తి చేయలేరు. చుట్టూ ఉన్న ఖాళీ అంచులను కత్తిరిస్తే, అచ్చు ఉన్న భాగం సుమారు 4 అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు మిగులుతుంది. అప్పుడు అక్షరం 74 శాతానికి వస్తుంది. మంచి చూపు ఉన్నవారు కష్టపడి చదవగలరు. అదే కత్తిరించిన పేజీ 7.8 అంగుళాల తెర మీద, దాని ఎత్తు 6.24 అంగుళాలు కాబట్టి, 96 శాతం సైజులో కనబడుతుంది. చేతిలో అసలు పుస్తకమే ఉన్నట్టు లెక్క. 10.3 అంగుళాల తెరకైతే అంచులు కత్తిరించే పని కూడా ఉండదు.

ఇప్పటికే 6 అంగుళాల రీడర్ ఉన్నవారు దానిని అడ్డంగా తిప్పి చదవాలి. అడ్డంగా పెడితే వెడల్పు 4.8 అంగుళాలు అవుతుంది కాబట్టి, అంచులు కత్తిరించిన పేజీ అసలు కంటే పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కసారి సగం పేజీ చొప్పున కనబడుతుంది. పేజీకి రెండు మూడు సార్లు తిప్పవలసి వచ్చినా కళ్ళు నొప్పి పెట్టవు. స్కాన్ పేజీలోని మాటలను విడదీసి చిన్న తెరకు సర్దే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి గాని, తెలుగులో ఒత్తులు కింది వరుసకు బాగా దగ్గరగా ఉండడం వల్ల వరుసలను తప్పుగా కోసే అవకాశం ఉంది. పుస్తకం మొత్తం మార్చే ముందు కొన్ని పేజీలు పరీక్షించుకోవాలి. పద్యకావ్యాలకు ఆ పద్ధతి అసలు వాడకూడదు, పాదాలు విరిగిపోతాయి.

కాగితం పసుపుబారిన స్కాన్‌లలో వెనుక భాగం బూడిదరంగుగా కనబడుతుంది. ఈ-రీడర్ తెర 16 స్థాయిల బూడిదరంగులను మాత్రమే చూపగలదు. కాంట్రాస్ట్ సెట్టింగు పెంచితే నేపథ్యం తెల్లబడి, అక్షరం నల్లబడుతుంది. మరీ పెంచితే సన్నని గీతలు తెగిపోతాయి కాబట్టి ఒక్కొక్క మెట్టే పెంచాలి.

పోటీ పరీక్షల నోట్సు, ఏ4 పీడీఎఫ్‌లు చదవాలి. ఏది తీసుకోమంటారు?

ఏ4 పేజీ ఎత్తు 11.7 అంగుళాలు. 10.3 అంగుళాల తెర మీద అది 70 శాతం సైజులో, 13.3 అంగుళాల తెర మీద 90 శాతం సైజులో వస్తుంది. 6, 7 అంగుళాల తెరలు ఈ పనికి వద్దు. ఇంకొక విషయం గమనించాలి: 10.3 అంగుళాల తెరలలో 1872, 1404 చుక్కలతో 227 పీపీఐ ఉన్నవి కూడా ఉన్నాయి, 300 పీపీఐ ఉన్నవి కూడా ఉన్నాయి. చిన్న అక్షరాలలో కూర్చిన తెలుగు మెటీరియల్‌కు రెండో రకమే తీసుకోవాలి.

తెర వెలగదన్నారు, మరి చీకట్లో ఎలా చదువుతాము?

కొత్త రీడర్లలో తెరను ముందు వైపు నుంచి వెలిగించే దీపం (ఫ్రంట్ లైట్) ఉంటుంది. తెర అంచున వరుసగా చిన్న ఎల్ఈడీలు అమర్చి, ఆ వెలుతురును తెర పైన పరచిన పలుచని పారదర్శక పొర ద్వారా పక్కకు ప్రవహింపజేస్తారు. ఆ పొర మీద ఉండే అతి సూక్ష్మమైన గాట్లు వెలుతురును కిందికి, అంటే తెర వైపుకు మళ్ళిస్తాయి. తెర మీద పడి తిరిగి వచ్చిన వెలుతురు మన కంటికి చేరుతుంది. ఫోన్ వెలుతురు నేరుగా కంటిలోకి వస్తుంది. ఇది పేజీని తాకి వస్తుంది. 2012లో బార్న్స్ అండ్ నోబుల్, కోబో, అమెజాన్ మూడూ ఇటువంటి దీపాలతో రీడర్లు తెచ్చాయి.

దీపం నాణ్యత వెలుతురు ఎంత ఎక్కువ అన్నదానిలో కాదు, ఎంత సమానంగా పరచుకుంది అన్నదానిలో ఉంది. ఎల్ఈడీలు తక్కువగా ఉంటే తెర అడుగున వెలుగు, నీడ చారలు కనబడతాయి. 2019 నాటి మామూలు కిండిల్‌లో నాలుగు ఎల్ఈడీలు ఉంటే, 2021 నాటి పేపర్‌వైట్‌లో పదిహేడు ఉన్నాయి. ఈ-ఇంక్ తెర నేపథ్యం అచ్చు కాగితమంత తెల్లగా ఉండదు, కాస్త బూడిదరంగులో ఉంటుంది కాబట్టి, వానాకాలపు మబ్బు పట్టిన పగటిపూట కూడా దీపాన్ని కొద్దిగా వెలిగించి ఉంచుకోవడం మంచిది.

వెచ్చని రంగు వెలుతురుకు అదనంగా డబ్బు పెట్టడం అవసరమా?

రాత్రి చదివేవారికి అవసరమే. వెచ్చని వెలుతురు ఉన్న రీడర్లలో తెల్ల ఎల్ఈడీలతో పాటు పసుపు, నారింజ రంగు ఎల్ఈడీలు ఉంటాయి. రెండింటి పాళ్ళు మార్చుకుంటూ తెరను తెలుపు నుంచి దీపపు కాంతి రంగు వరకు తేవచ్చు. 2016లో కోబో ఆరా వన్‌లో, 2019లో కిండిల్ ఒయాసిస్‌లో ఈ ఏర్పాటు వచ్చింది. రాత్రివేళ నీలి రంగు పాలు ఎక్కువగా ఉన్న ప్రకాశవంతమైన కాంతి, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఊరడాన్ని తగ్గిస్తుంది. రంగును వెచ్చగా మార్చడంతో పాటు వెలుతురును కూడా తగ్గించినప్పుడే దాని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది.

మన డెల్టాలో దీనికి ఇంకొక ఉపయోగం ఉంది. వరి చేల పక్కన, చెరువుల గట్ల మీద ఉన్న ఇళ్ళలో తొలకరి తరువాత ట్యూబ్‌లైటు వేస్తే చాలు, ఉసిళ్ళు, పచ్చపురుగులు గదినిండా చేరతాయి. పురుగులను నీలి, అతినీల కాంతులే ఎక్కువగా ఆకర్షిస్తాయి. అరుగు మీద దీపం ఆర్పి, రీడర్ వెలుతురును వెచ్చగా, కనిష్ఠానికి దగ్గరగా పెట్టుకుంటే పేజీ మీద వాలే పురుగులు చాలా తగ్గుతాయి. పూర్తిగా రావని చెప్పను గాని, కథ మధ్యలో లేచి లోపలికి వెళ్ళవలసిన అవసరం ఉండదు.

దీపం వేస్తే ఛార్జింగ్ త్వరగా అయిపోతుందా? కరెంటు పోతే ఎలా?

తెర కంటే దీపమే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, కాబట్టి వెలుతురు పెంచేకొద్దీ ఛార్జింగ్ తగ్గుతుంది. అయినా ఫోన్‌తో పోల్చవలసిన పని లేదు. తుఫాను రోజుల్లో కరెంటు లేకపోయినా, వెలుతురు తక్కువగా పెట్టుకుని, వైఫై ఆపివేస్తే నిండుగా ఛార్జ్ చేసిన రీడర్ రోజుల తరబడి పనిచేస్తుంది. చుట్టూ చీకటిగా ఉన్నప్పుడు కంటికి చాలా తక్కువ వెలుతురు సరిపోతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బోగీ దీపాలు ఆర్పిన తరువాత చదివేవారు కనిష్ఠ స్థాయి నుంచి మొదలుపెట్టి, అక్షరం అందిన చోట ఆగాలి. ఎదుటి బెర్తువారికీ ఇబ్బంది ఉండదు.

నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కాని తెలుగుకు నేను సిఫారసు చేయను. తెల్లని సన్న గీతలు నలుపు మీద కాస్త ఉబ్బినట్టు కనబడి, ఒత్తుల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. ఆస్టిగ్మాటిజం అనే దృష్టిలోపం ఉన్నవారికి ఇది మరింత ఎక్కువ.

పేజీ తిప్పిన తరువాత పాత అక్షరాల నీడ కనబడుతోంది. తెర పాడైందా?

పాడవలేదు. కొన్ని రేణువులు పూర్తిగా కదలకపోవడం వల్ల ఆ నీడ మిగులుతుంది. ప్రతి పేజీకీ, లేదా ప్రతి అధ్యాయానికీ తెర మొత్తం ఒకసారి నల్లబడి తెల్లబడే సెట్టింగు ఉంటుంది. స్కాన్ పుస్తకాలకు ప్రతి పేజీకీ, మామూలు ఈపబ్‌లకు అధ్యాయానికొకసారీ పెట్టుకుంటే సరిపోతుంది.

రంగుల తెర తీసుకోవచ్చా?

పిల్లల బొమ్మల పుస్తకాలు, పాత మాసపత్రికల ముఖచిత్రాలు, మ్యాపులు చూసేవారికి అది ఆనందమే. కాని నష్టం ఏమిటో తెలుసుకుని తీసుకోవాలి. ఎక్కువగా వాడుతున్న కలైడో 3 పద్ధతిలో నలుపు తెలుపు తెర మీద రంగుల జల్లెడ వంటి పొరను పరుస్తారు. నల్లని అక్షరం 300 పీపీఐలో వచ్చినా రంగులు 150 పీపీఐలోనే వస్తాయి. ఆ పొర కొంత వెలుతురును మింగేస్తుంది కాబట్టి నేపథ్యం మామూలు తెర కంటే మసకగా ఉంటుంది, ఇంట్లో దాదాపు ఎల్లప్పుడూ దీపం వేసుకోవలసి వస్తుంది. వచనమే ప్రధానంగా చదివేవారికి నలుపు తెలుపు తెరే మంచిది.

మా ఇంట్లో పెద్దవారి కోసం కొనాలి. ఏమి చూడాలి?

పెద్దవారికి అక్షరం పెద్దది కావాలి, అక్షరం పెరిగితే వరుసలు తగ్గుతాయి, కాబట్టి తెర పెద్దదే ఉండాలి. 7 అంగుళాలకు తగ్గవద్దు; 7.8 అయితే ఇంకా మంచిది. ఫాంటులో సైజుతో పాటు మందం పెంచే సెట్టింగు ఉన్న రీడర్ ఎంచుకోండి, ఎందుకంటే చూపు తగ్గినవారికి అక్షరం చిన్నదిగా ఉండడం కంటే పలుచగా ఉండడమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వేలు తగిలి పేజీలు ఎగిరిపోతున్నాయని చాలామంది పెద్దలు రీడర్ పక్కన పెట్టేస్తారు. పేజీ తిప్పడానికి పక్కన మీటలున్న మోడల్ ఆ చిరాకును తప్పిస్తుంది.

కొనేముందు స్నేహితుల రీడర్‌లో ఏ పేజీ తెరిచి చూడాలి?

ఒక పద్యం, ఒక వచనపు పేజీ, ఒక స్కాన్ పేజీ వెంట తీసుకువెళ్ళండి. పద్యంలో సంయుక్తాక్షరాలు విడివిడిగా కనబడుతున్నాయా, ‘థ’కూ ‘ధ’కూ తేడా తెలుస్తోందా చూడండి. కిటికీ పక్కన ఒకసారి, దీపం ఆర్పిన గదిలో ఒకసారి చూడండి. చీకటి గదిలో వెలుతురు కనిష్ఠానికి తగ్గించినప్పుడే అంచుల దగ్గరి చారలు, రంగు తేడాలు బయటపడతాయి. షోరూము వెలుతురులో అవి కనబడవు.

మన ఎండలకు, ఉక్కకు, వానలకు ఈ తెరలు తట్టుకుంటాయా?

చదువుతున్నప్పుడు ఎండ తగలడం వల్ల హాని లేదు, కాని మే నెలలో కారు అద్దం దగ్గరో, స్కూటర్ డిక్కీలోనో వదిలేయకూడదు. చాలా రీడర్లకు కంపెనీలు చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. మన దగ్గర రోహిణి కార్తెలో నీడలోనే 40 దాటుతుంది. వేడెక్కిన రీడర్‌లో పేజీ సరిగా మారకపోతే ఆపి, చల్లబడే వరకు నీడలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, లోపల తేమ చేరుతుంది.

వాన విషయంలో, నీటిని తట్టుకుంటుందని తెలిపే ఐపీఎక్స్8 గుర్తు ఉన్నవి నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆ గుర్తు ఉన్న కిండిల్ పేపర్‌వైట్ వంటివి రెండు మీటర్ల లోతు మంచినీటిలో గంటసేపు తట్టుకునేటట్టు తయారుచేస్తారు. అది మంచినీటి పరీక్ష. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో ఉప్పునీరు పడితే వెంటనే మంచినీటితో కడిగి, ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరిన తరువాతే ఛార్జర్ పెట్టాలి.

నీటి కంటే ఎక్కువ రీడర్లను పాడుచేసేది ఒత్తిడి. తెర అడుగున ఉండే పొర చాలా మోడళ్ళలో పలుచని గాజు. పై పొరకు గీత కూడా పడకుండా లోపలి గాజు పగిలిపోయి, తెరలో సగం ఎప్పటికీ మారని చారలతో నిలిచిపోతుంది. సంచిలో పుస్తకాల మధ్య, టిఫిన్ డబ్బా కింద పెట్టకుండా, గట్టి అట్ట ఉన్న కవరు వేసి, తెర ఉన్న వైపు వీపుకు ఆనేటట్టు కాకుండా సంచిలో చదునైన వస్తువు వైపు తిప్పి పెట్టుకోవాలి.